వాకర్‌లో కూర్చోబెట్టాలా, నేల మీద వదలాలా?

కొత్తమ్మ, కూకట్‌పల్లి:

మా పాపకి మొన్ననే ఎనిమిది నెలలు నిండాయి. పది రోజులుగా మా ఇంట్లో వాకర్ గురించే గొడవ. పిల్లల్ని పెంచినవాళ్ళు మీరేం చేశారో చెప్తారని రాస్తున్నాను.

ముందు మా ఇంటి పరిస్థితి చెప్తాను. నా 26 వారాల సెలవు అయిపోయి, ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టి రెండు నెలలు దాటింది. మా ఆయనది మధ్యాహ్నం షిఫ్టు. ఆయన పన్నెండున్నరకి బయల్దేరతారు, నేను ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. ఆ మధ్యలో పాప పూర్తిగా మా అత్తయ్య చేతిలోనే. ఆవిడకి 61 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పాప కోసమే తెనాలిలో ఇంటికి తాళం వేసి వచ్చారు.

అన్నప్రాసనకి మా ఆడపడుచు వాకర్ కొనిచ్చింది. అప్పట్నుంచి మధ్యాహ్నం గిన్నెలు సర్దుకునేటప్పుడు, సాయంత్రం దీపం పెట్టుకునేటప్పుడు అత్తయ్య పాపని అందులో కూర్చోబెడుతున్నారు. పాపకి మహా ఇష్టం. హాలంతా తిరిగేస్తుంది.

పోయిన శనివారం నేను ఇంట్లోనే ఉన్నాను. అప్పుడే కాచిన పాలగిన్నె డైనింగ్ టేబుల్ మీద పెట్టి, గ్లాసు కోసం నాలుగడుగులు వేశాను. వెనక్కి తిరిగేసరికి పాప వాకర్‌తో సహా టేబుల్ దగ్గరుంది. టేబుల్ క్లాత్ అంచు పిడికిట్లో పట్టుకుని లాగుతోంది, గిన్నె కొంచెం కొంచెంగా అంచుకి జరుగుతోంది. పరిగెత్తి పట్టుకున్నాను. పాప మీద చుక్క కూడా పడలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. క్షణం ముందు టీవీ పక్కనున్న పిల్ల అంత దూరం ఎప్పుడొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.

జలుబు చేసిందని చూపించడానికి వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరుగారు కూడా వాకర్ వద్దన్నారు. ఆ మాట చెబితే అత్తయ్య, "నా ముగ్గురు పిల్లలూ బండి పట్టుకునే నడక నేర్చారమ్మా, మీ ఆయనతో సహా" అన్నారు. ఆ తర్వాత ఆవిడ ఇంకేమీ మాట్లాడలేదు. గొడవ పడినా ఇంత బాధ ఉండేది కాదు.

తీసేయాలా? తీసేస్తే ఆవిడకి ఎలా గడుస్తుంది?

ఇద్దరబ్బాయిల అమ్మ, విజయవాడ:

తీసేయకండి. మా ఇద్దరూ వాకర్‌లోనే పెరిగారు, ఇప్పుడు ఒకడు మూడో తరగతి, ఒకడు యూకేజీ. కాళ్ళు వంకర పోలేదు, ఏమీ కాలేదు. డాక్టర్లు "వద్దు" అని ఒక్క మాటలో చెప్పేస్తారు. ఆ పూట అన్నం ఎవరు వండాలి, పిల్లని ఎవరు ఎత్తుకోవాలి అన్నది వాళ్ళు చెప్పరు. ఆయాని పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు. పాలగిన్నె విషయంలో తప్పు టేబుల్ క్లాత్‌ది, వాకర్‌ది కాదు. క్లాత్ తీసేయండి. మీ అత్తయ్యని బాధపెట్టకండి, ఆవిడ లేకపోతే మీ ఉద్యోగమే లేదు.

పిల్లల ఫిజియోథెరపిస్ట్, హనుమకొండ:

మా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది వాకర్ నడక నేర్పుతుందనే అనుకుంటారు. పేరు కూడా అలాగే ఉంది కదా. అందులో పిల్ల నడవదు, వేలాడుతుంది. బరువంతా గుడ్డ సీటు మీదే ఉంటుంది. మునివేళ్ళతో నేలని తన్నితే చాలు, మిగతాది చక్రాలు చూసుకుంటాయి. సొంతంగా నడవాలంటే తుంటి, నడుము బలపడాలి. పక్కకి ఒరిగినప్పుడు సర్దుకోవడం, కుర్చీ కోడు పట్టుకుని లేవడం, లేచాక మెల్లగా మళ్ళీ కూర్చోవడం రావాలి. ఇవన్నీ నేల మీద పడుతూ లేస్తూ నేర్చుకునేవి. పైగా ముందు ట్రే అడ్డం వస్తుంది కాబట్టి తన పాదాలు ఎక్కడ పడుతున్నాయో పిల్లకి కనిపించదు. వాకర్ వల్ల నడక తొందరగా రాదు, కొందరు పిల్లల్లో కాస్త ఆలస్యమవుతుందని పరిశోధనల్లో కూడా తేలింది.

మీరు అడిగిన "ఎప్పుడొచ్చింది" అన్నదానికి జవాబు ఉంది. వాకర్‌లో ఉన్న పిల్ల ఒక్క సెకనులో మూడడుగుల పైనే జరగగలదు. గ్లాసు కోసం మీరు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగే లోపల హాలు సగం దాటేస్తుంది. పక్కన మనిషి ఉన్నా చాలకపోవడం ఇందుకే. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వీటిని నిషేధించాలని ఎన్నో ఏళ్ళుగా అడుగుతోంది. కెనడా 2004లోనే నిషేధించింది.

నడక గురించి తొందర కూడా వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి ఐదు దేశాల పిల్లల్ని గమనించి 2006లో లెక్కలు ఇచ్చింది. ఏ ఆసరా లేకుండా నడవడం కొందరికి ఎనిమిది నెలలు దాటగానే వస్తే, కొందరికి పదిహేడున్నర నెలల దాకా పట్టింది. మీ పాపకి ఎంతో సమయం ఉంది.

ఇద్దరబ్బాయిల అమ్మ, విజయవాడ:

కెనడా ఇళ్ళు వేరు, మన ఇళ్ళు వేరు కదండీ. అక్కడ ఇంట్లోనే మెట్లుంటాయి, పిల్లలు వాటి మీంచి దొర్లుతారు. కూకట్‌పల్లి ఫ్లాటులో మెట్లెక్కడున్నాయి?

డల్లాస్ నాన్న:

మెట్ల విషయంలో విజయవాడ అక్క చెప్పింది చాలావరకు నిజం. 1990 నుంచి 2014 వరకు అమెరికాలో వాకర్ దెబ్బలతో ఆసుపత్రుల ఎమర్జెన్సీకి వచ్చిన పదిహేను నెలల లోపు పిల్లలు సుమారు 2,30,000 మంది అని ఒక అధ్యయనం అంచనా వేసింది. అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు మెట్ల మీంచి పడ్డవాళ్ళే. 2010లో ఇక్కడ వాకర్లకి కొత్త భద్రతా నియమాలు వచ్చాక దెబ్బలు కొంత తగ్గాయి, పూర్తిగా ఆగలేదు.

మిగిలిన నాలుగో వంతు సంగతి కూడా చూడాలి కదక్కా. మా అమ్మ ఆరు నెలలు ఇక్కడ మాతో ఉన్నప్పుడు వాకర్ కావాలనే అడిగింది. దాని బదులు చక్రాలు లేని యాక్టివిటీ సెంటర్ కొన్నాం. పిల్లాడు అందులో కూర్చుని తిరుగుతాడు, ఎగురుతాడు, ఉన్నచోటు నుంచి కదలడు. అదీ ఒకేసారి పదిహేను, ఇరవై నిమిషాలే. మిగతా సమయమంతా చుట్టూ జాలీ ఉన్న ప్లే యార్డులో నేల మీదే. అమ్మ ఆ సమయంలో పప్పు పోపు పెట్టుకునేది.

పిల్లల ఫిజియోథెరపిస్ట్, హనుమకొండ:

మెట్లు లేకపోతే మన ఇళ్ళలో గడపలున్నాయి. ముందు చక్రం గడపకి తగిలి ఆగితే పిల్ల తలకిందులుగా పడుతుంది. నీళ్ళ బకెట్ పెట్టిన బాత్రూమ్ తలుపు తెరిచే ఉంటుంది. ఇస్త్రీ పెట్టె వైరు వేలాడుతూ ఉంటుంది. పాకే పిల్లకి అందనివన్నీ వాకర్‌లో కూర్చుంటే చేతికి అందుతాయి. క్లాత్ తీసేస్తే ఆ పాలగిన్నె ఒక్కటే తప్పుతుందండీ.

ముగ్గురు మనవల నాన్నమ్మ, జగిత్యాల:

బిడ్డా, మీ అత్త ఏమన్నదో నువ్వే రాశావు. "బండి పట్టుకునే" అన్నది. బండిలో కూర్చుని అనలేదు. ఒకసారి మళ్ళీ చదువుకో.

మా కాలంలో ఉన్నది కట్టెతో చేసిన మూడు చక్రాల నడక బండి. ముందు ఒక చక్రం, వెనక రెండు, నిలబడి పట్టుకోవడానికి పిడి. వడ్రంగి చేసి ఇచ్చేవాడు. పిల్ల తనంతట తాను లేచి నిలబడిన తర్వాతే దాన్ని చేతికిచ్చేవాళ్ళం. బండి ఉరకకుండా ముందు కట్టెకి చిన్న ఇసుక మూట కట్టేదాన్ని. పిల్ల తన కాళ్ళ మీద తాను నిలబడి, తన బలంతో తోసుకుంటూ పోవాలి. అలసిపోతే వదిలేసి కూలబడుతుంది. అప్పుడు కూడా మనిషి పక్కనే ఉండాలి, కాకపోతే అందులో పిల్ల వేలాడేది లేదు. ఆ బండికీ ఈ ప్లాస్టిక్ దానికీ పేరు తప్ప పోలిక లేదు.

ఇంకో మాట. నేను రెండేళ్ళు హైదరాబాదులో చిన్న మనవడిని చూసుకున్నాను. పొద్దుగాల నుంచి ఎత్తుకుంటే రాత్రికి నడుము నిలిచేది కాదు. మంచం మీద పక్కకి తిరగాలంటే మంచం పట్టె పట్టుకోవాలి. ఎవ్వరికీ చెప్పలేదు. చెబితే పిల్లగాడిని క్రెష్‌లో వేస్తారేమోనని భయం. మీ అత్త మాట్లాడకపోవడానికి కారణం ఏమిటో వాకర్ గురించి కాకుండా ఆమె గురించి అడుగు.

దేకిన బాబు అమ్మ, కాకినాడ:

నేను వాకర్ కొన్నది కేవలం భయంతో. మా వాడు పాకలేదు. కూర్చునే దేకేవాడు, ఒక కాలు ముందుకి చాపి, ఇంకో కాలితో నెట్టుకుంటూ. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకరి పాప తొమ్మిదో నెలలో అడుగులేసిందని వీడియో పెడితే, నేను ఆ రోజంతా టెన్షన్‌తో అన్నం తినలేదు. మర్నాడే వాకర్ తెచ్చేశాం.

పాకకుండా నేరుగా నడిచే పిల్లలు ఉంటారని తర్వాత తెలిసింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో పిల్లల ఎదుగుదల మైలురాళ్ళ పట్టిక మార్చినప్పుడు పాకడాన్ని అందులోంచి తీసేసింది కూడా. మా వాడు నడిచింది పదహారో నెలలో. బోర్లా పడితే బొబ్బట్లు పంచాం, అడుగులకి అరిసెలు పంచడానికి అప్పటిదాకా ఆగాం. ఆ ఆగిన నెలల్లో నా బిడ్డ దేకుతుంటే చూసి మురిసిపోవాల్సింది పోయి, ఏడుస్తూ గడిపాను. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అలాగని ఎంత ఆలస్యమైనా ఊరుకోమని కాదు. పద్దెనిమిది నెలలొచ్చినా నడవకపోతే, వచ్చిన పని మళ్ళీ మర్చిపోతుంటే, ఒక వైపు కాలూ చెయ్యీ తక్కువ వాడుతుంటే వెంటనే చూపించాలి. అంగన్‌వాడీలకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందం ఇలాంటివి ఉచితంగా చూస్తుంది. తల్లీబిడ్డల కార్డులో ఏ నెలకి ఏం చేయాలో బొమ్మలు కూడా ఉంటాయి. నేను ఆ కార్డుని టీకాల తేదీలకి తప్ప ఎప్పుడూ తెరవలేదు.

కొత్తమ్మ, కూకట్‌పల్లి:

జగిత్యాల అమ్మా, మీరు రాసింది చదివి ఆ రాత్రే అత్తయ్యని అడిగాను, ఏ బండి అని. కట్టె బండే! మా మామయ్యగారు చేయించారట, తెనాలిలో అటక మీద ఇంకా ఉందట. పది రోజులుగా ఆవిడ ఒక బండి గురించి, నేను ఇంకో బండి గురించి మాట్లాడుకుంటున్నాం.

తర్వాత మోకాళ్ళ గురించి అడిగాను. మొదట "బాగానే ఉన్నాయి" అన్నారు. కాసేపటికి చెప్పారు. కింద కూర్చుంటే తిరిగి లేవడానికి సోఫా పట్టుకోవాలట. పాప నేల మీద ఉంటే రోజుకి ఇరవైసార్లు వంగాలి. వాకర్‌లో ఉంటే పాప ముఖం ఆవిడ చేతికి అందే ఎత్తులో ఉంటుంది, వంగక్కర్లేదు. ఆవిడకి కావలసింది ఆ ఎత్తు. నడక కోసం కానే కాదు. మీరంతా కండరాలు, మెట్లు, కెనడా అని రాస్తుంటే నాకు ఈ సంగతి తట్టనే లేదు.

ఇప్పుడు ఇలా చేస్తున్నాం. వాకర్ అటకెక్కించాను. టేబుల్ క్లాత్ కూడా తీసేశాను, విజయవాడ అక్కా. హాల్లో రెండు బొంతలు పరిచి, పక్కనే అత్తయ్యకి చేతులున్న కుర్చీ వేశాం. వంట మొత్తం మా ఆయన ఉన్నప్పుడే అయిపోతుంది. మా పనమ్మాయి సాయంత్రం గంటన్నర ఎక్కువ ఉండడానికి ఒప్పుకుంది, ఆ సమయంలో దీపం, స్నానం. డబ్బు ఎక్కువే అవుతోంది, నా క్యాబ్ మానేసి బస్సులో వెళ్తున్నాను. అత్తయ్య పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పలేను. మొదటి రెండు రోజులు పాప వాకర్ కోసం ఏడ్చింది, అత్తయ్య నా వంక చూశారు.

నిన్న సాయంత్రం పాప అత్తయ్య మోకాళ్ళు రెండూ పట్టుకుని లేచి నిలబడింది. నేను బస్సులో ఉన్నాను, వీడియోలో చూశాను. మూడు సెకన్లు నిలబడి కూలబడింది. అత్తయ్య నవ్వు వినిపిస్తోంది, ఫోన్ పట్టుకున్న పనమ్మాయి చేయి ఊగుతోంది. ఆ మూడు సెకన్లూ ఇంటికి వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను. అక్కడ లేనందుకు ఏడుపొచ్చింది, ఆవిడ అక్కడ ఉన్నందుకు ప్రాణం కుదుటపడింది.

ఇక మిగిలింది వంటింటి గుమ్మం. అడ్డంగా చిన్న చెక్క గేటు పెట్టిద్దామనుకుంటున్నాం. ఎవరైనా వడ్రంగితో చేయించారా? ఎంత ఎత్తు పెట్టించాలి?

ఇద్దరబ్బాయిల అమ్మ, విజయవాడ:

పనమ్మాయికి ఎక్కువ ఇచ్చే వీలు లేని ఇంట్లో ఏం చేయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు. వాకర్ వాడిన తల్లిని నేను తప్పుపట్టను. మీ పాప నిలబడినందుకు మాత్రం చాలా సంతోషం.

ముగ్గురు మనవల నాన్నమ్మ, జగిత్యాల:

నీ తొడ దాకా వచ్చేంత ఎత్తు చాలు బిడ్డా. చెక్కల మధ్య సందులో పిల్ల తల దూరకుండా చూసుకో. కానీ కాలెత్తి దాటేటట్టు చేయించకు, మీ అత్త దాటలేదు. తలుపు లెక్క తెరుచుకునేటట్టు చేయించి, గడియ వంటింటి వైపు పెట్టించు.