లోతు సముద్రం లైవ్ పెడితే గంటసేపు చీకటే, నేనేమన్నా తప్పు చేస్తున్నానా?

బెంజిసర్కిల్_బుల్లోడు:
మాది విజయవాడ. 2025లో అర్జెంటీనా వాళ్లు సముద్రం అడుగున ఉన్న మార్ డెల్ ప్లాటా లోయలోకి రోబో దింపి యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చారు కదా, అందులో పిరుదులున్నట్టు కనిపించే ఆ స్టార్‌ఫిష్‌ని చూసినప్పటి నుంచి నాకూ మా అమ్మకీ ఇదే పిచ్చి. సముద్రాన్ని పరిశోధించే ఏ ఓడ లైవ్ పెట్టినా తెరిచి కూర్చుంటున్నాం. నిన్న రాత్రి అన్నాలయ్యాక టీవీలో పెడితే కాసేపు నీలం, తర్వాత అంతా నలుపు, మధ్యలో తెల్లటి పిండి రాలుతున్నట్టు చుక్కలు, అంతే. అమ్మ "ఎవరో జల్లెడ పడుతున్నట్టుందిరా" అని వెళ్లి పడుకుంది. ఆ పిండి ఏంటి? అసలు ఎప్పుడు చూడాలి? మా బావేమో ఇదంతా గ్రాఫిక్సే అంటాడు.

అరండల్‌పేట_అక్క:
తమ్ముడూ, నువ్వు చూసింది రోబో కిందికి దిగే టైము. మూడు నాలుగు వేల మీటర్లు దిగాలంటే గంటలు పడుతుంది, అప్పుడు టీవీ అలా వదిలేసి వంట చేసుకో. ఆ పిండిని మెరైన్ స్నో అంటారు. పైన చచ్చిన సూక్ష్మజీవులు, వాటి మలం, జిగురు, అన్నీ ముద్దలై రాలుతుంటాయి, ఎండ చేరని చోట బతికే చాలా జీవాలకి అదే తిండి. అర్జెంటీనాకీ మనకీ ఎనిమిదిన్నర గంటల తేడా, వాళ్లు పొద్దున దింపితే మనకి సాయంత్రం అవుతుంది.

మిర్చియార్డ్_గుంటూరు:
లోతులో చాలా రొయ్యలు, జెల్లీఫిష్‌లు మన మిరపకాయల్లా ఎర్రగా ఉంటాయి, గమనించారా? ఎరుపు వెలుగు అంత కిందికి దిగదు, కాబట్టి అక్కడ ఎర్రటిది నల్లగానే ఉండి కంటికి ఆనదు. రోబో లైట్లు పడితేనే ఆ రంగు బయటపడేది. మీ బావకి రోబో ఎదురుగా ఉన్నవాటి మీద వేసే రెండు లేజర్ చుక్కలు చూపించండి, మామూలుగా వాటి మధ్య దూరం 10 సెంటీమీటర్లు ఉంటుంది, దాన్నిబట్టే జీవి సైజు చెబుతారు. గ్రాఫిక్స్ చేసేవాడైతే గంటసేపు ఖాళీ చీకటి ఎందుకు చూపిస్తాడండీ, మొదటి నిమిషంలోనే తిమింగలాన్ని తెస్తాడు! నిజంగా దొరికేవి అలా ఉండవు. ఆక్టోపస్‌కి చుట్టమైన కొలోసల్ స్క్విడ్‌కి పేరు పెట్టిన వందేళ్లకి, 2025 మార్చిలో, దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర 600 మీటర్ల లోతున బతికుండగా మొదటిసారి కెమెరాకి చిక్కింది. తీరా చూస్తే 30 సెంటీమీటర్ల పిల్ల, గాజు బొమ్మలా ఉంది. ఏడు మీటర్ల దాకా పెరుగుతుందంటారు దాన్ని.

బెంజిసర్కిల్_బుల్లోడు:
థాంక్సండీ, థాంక్స్ అక్కా. ఈసారి రోబో అడుగుకి చేరాకే అమ్మని పిలిచాను. పెద్ద తల, వెనక్కి పోనుపోను సన్నబడి తాడులా అయిపోయే తోక ఉన్న చేప ఒకటి లైట్లోకి వచ్చింది, బురద మీద ముక్కుతో కెలుకుతూ కెమెరాని పట్టించుకోనేలేదు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికెళ్లి చూసి "తల, తోక తీసేస్తే ఇంకేం మిగుల్తుందిరా, పులుసుకి చాలదు" అంది. బావ మాత్రం మాట్లాడకుండా రాత్రి పన్నెండు దాకా చూశాడు.