గీజర్ కాయిల్‌కి తెల్ల పెచ్చు, ఏం చేయాలి?

ప్రశ్న: మావి బోరు నీళ్లు. గీజర్ కాయిల్‌కి పెచ్చు గట్టిగా పట్టేసింది, నీళ్లు కాగడానికి చాలాసేపు పడుతోంది. షవర్ రంధ్రాలు సగం మూసుకుపోయాయి, సబ్బు నురగే రావట్లేదు. పటిక వేస్తే తగ్గుతుందా?

జవాబు: తగ్గదండీ. పటిక మట్టిని అడుక్కి దింపుతుంది, అంతే. ఆ పెచ్చు ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. షవర్ తల విప్పి కాసేపు వెనిగర్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, పొడిపొడిగా రాలిపోతుంది. వెనిగర్‌ని బ్లీచింగ్‌తో మాత్రం అస్సలు కలపొద్దు, విషవాయువు వస్తుంది.

జవాబు: గీజర్ 60 డిగ్రీలు దాటనివ్వకండి, వేడి పెరిగేకొద్దీ పెచ్చు ఎక్కువ కడుతుంది. ఇల్లంతటికీ అయితే సాఫ్ట్‌నరే (నీటి కాఠిన్యం తగ్గించే పరికరం) దారి. అందులోని రెజిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని సోడియం వదులుతాయి. అందుకే బీపీ ఉన్నవాళ్లుంటే తాగే కుళాయిని దానికి కలపకండి.

ప్రశ్న అడిగినవారు: అమ్మకు బీపీ ఉంది, మంచి మాట చెప్పారు. మరి కాయిల్ కూడా వెనిగర్‌తోనే శుభ్రం చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. ముందు కరెంటు తీసేసి, మెకానిక్‌తో విప్పించండి.