బాస్కెట్‌బాల్‌లో బెంచ్ మీది పాయింట్ గార్డ్‌ను మొదటి అయిదుగురిలోకి ఎట్లా తేవాలి?

నల్లగొండలో అండర్-16 పిలగాడు, పాయింట్ గార్డ్, అంటే బంతి ముందుకు తెచ్చి ఆట నడిపేవాడు. రెండో క్వార్టర్‌లో దింపితే 6, 7 నిమిషాలు బాగానే నెట్టుకొస్తాడు. మొదటి నుంచే దింపితే తంటా.

ఫౌళ్లు ఒకటి: కాళ్లు కదలకముందే చెయ్యి చాపుతాడు. మొదటి క్వార్టర్‌లోనే 2 పడితే, 5కు బయటికే కాబట్టి, కూర్చోబెట్టక తప్పదు. దీనికి మెడ వెనక తువ్వాల రెండు చేతుల్తో పట్టించి స్లైడ్లు (పక్కకు అడుగులు జరపడం) చేయిస్తున్నాం, 30 సెకన్ల చొప్పున 6 సార్లు. కొంత నయం.

అసలు చిక్కు ఫుల్ కోర్ట్ ప్రెస్, అంటే ఎదుటి జట్టు కోర్టంతా మీదపడి అడ్డుకోవడం. 8 సెకన్లలో సగం గీత దాటాలన్న కంగారులో తల దించి, కుడిచేత్తోనే సైడ్‌లైన్ వెంట పోయి మూలకు ఇరుక్కుంటాడు. అక్కడ గీత కూడా మూడో డిఫెండరే. ఎడమచేత్తో డ్రిబుల్ రోజూ 10 నిమిషాలు చేస్తాడు, ఒక్కడే ఉంటే తప్పు జరగదు. ఇద్దరు మీదికొస్తే మళ్లీ కుడిచెయ్యే.

ట్రాప్‌లో (ఇద్దరు చుట్టుముట్టినప్పుడు) ముందు రెండడుగులు వెనక్కి డ్రిబుల్ నేర్పాలా, పాస్ ఫేకా (పాస్ ఇస్తున్నట్టు నటించడం)? ఒకరికి ఇద్దరు పెట్టి ఆడించడం వారానికి ఎన్నిసార్లు? సిమెంట్ కోర్టు, మోకాళ్ల సంగతీ చూడాలి. మ్యాచ్‌లో నిమిషాలు ఏ లెక్కన పెంచాలి? మహబూబ్‌నగర్, సూర్యాపేట వైపు జూనియర్లకు నేర్పేవాళ్లు ఎవరైనా చెప్పండన్నా.