పాత ఎంఎం 540 జీపు: ముందు అద్దం దగ్గర నీళ్లు కారుతున్నాయి, బీడింగ్ మారిస్తే సరిపోద్దా?

రాజోలు జీపు:
అందరికీ నమస్కారమండి. బండి మహీంద్రా ఎంఎం 540, 1991 మోడల్, గుడ్డ టాపు. రాజోలు నుంచి అంతర్వేది వైపు రొయ్యల చెరువు గట్ల మీదే దాని తిరుగుడంతా. వాన గట్టిగా పడితే డ్రైవరు వైపు డ్యాష్‌బోర్డు కింద నుంచి నీళ్లు కారి ఫ్యూజు డబ్బా మీద పడుతున్నాయి. చిన్న జల్లుకి ఏమీ ఉండదు. ఆపి ఉంచితే తక్కువ, ఎదురుగాలిలో నడిపితే ఎక్కువ. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు (బీడింగ్) గట్టిపడి పై మూలల్లో పగిలింది. కింది అంచున ఇదివరకు ఎవరో సిలికాన్ పూశారు, దాని పక్కనే పెయింటు ఉబ్బింది. షెడ్డులో ఇంకో ట్యూబు సిలికాన్ కొట్టేద్దామంటున్నారు. కొట్టించమంటారా, బీడింగ్ మార్చమంటారా?

అమలాపురం ఫోర్‌బైఫోర్:
ముందు ఆ ట్యూబు పక్కన పెట్టేయండి. నీళ్లు ఎక్కడ దూరుతున్నాయో తేలకుండా ఏం పూసినా దండగే.

ఈ జీపుల్లో నీటికి నాలుగు దారులున్నాయి. అద్దానికీ రబ్బరుకీ మధ్య ఒకటి. రబ్బరుకీ ఫ్రేము రేకు అంచుకీ మధ్య రెండోది. ఫ్రేముకీ బాడీకీ నడుమ, కింద అడ్డంగా ఉండే పొడుగు రబ్బరు మూడోది. నాలుగోది ఫ్రేములోకి దిగిన స్క్రూ రంధ్రాలు, దీన్ని చాలామంది చూడరు. ఫ్రేము లోపల బోలు కదండీ. గుడ్డ టాపును ఫ్రేముకి పట్టి ఉంచే పట్టీ స్క్రూల దగ్గరో, వైపరు బిగింపు దగ్గరో దూరిన నీరు నిలువు కమ్మీ లోపలి నుంచే కిందికి దిగి, అద్దం ఫ్రేమును ముందుకి వాల్చే మడత బందు దగ్గర బయటికొస్తుంది. చూస్తే అచ్చం కింది రబ్బరు కారుతున్నట్టే ఉంటుంది. మీ సిలికాన్ పూసినవాళ్లు కూడా నీరు కనిపించిన చోటే పూసినట్టున్నారు.

ఎలా పట్టుకోవాలంటే: బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. డ్యాష్‌బోర్డునీ, ఫ్రేము లోపలి అంచులనీ పొడిగా తుడిచి ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లండి. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, ఒకరు బయట గొట్టం పట్టుకోవాలి. గొట్టం మూతి వేలితో నొక్కి జోరుగా కొట్టకూడదు, నీరు మామూలుగా పారాలి. కింది పొడుగు రబ్బరు దగ్గర మొదలుపెట్టి అక్కడే 5 నిమిషాలు పోయండి. పౌడరు తడవకపోతే అద్దం కింది అంచుకి, ఆ తర్వాత పక్కలకి, చివరికి పై మూలలకీ టాపు పట్టీకీ వెళ్లండి. పైనుంచి మొదలుపెట్టారా, నీళ్లు అన్నిటి మీదుగా కారి ఏ దారి ఏదో తెలియకుండా పోద్ది. స్క్రూల మీద అనుమానం వస్తే వాటిపై టేపు అంటించి మళ్లీ పోయండి. కారడం ఆగితే దారి దొరికినట్టే.

ఎదురుగాలిలో ఎక్కువ అంటున్నారు కాబట్టి పొడుగు రబ్బరు మీద కూడా అనుమానం ఉంది. దానికి కాగితం పరీక్ష చాలు. కాగితం ముక్క రబ్బరు కింద పెట్టి, ఫ్రేము నిలబెట్టి రెండు పక్కల క్లాంపులూ బిగించి లాగండి. పట్టుకుని కష్టంగా రావాలి. బెత్తెడు దూరానికొకసారి చూసుకుంటూ పోతే ఎక్కడ జారిపోతుందో అక్కడ ఖాళీ ఉన్నట్టు.

భీమవరం టింకరింగ్:
పై గారు చెప్పిన పరీక్ష చేయండి. కానీ పెయింటు ఉబ్బింది కాబట్టి పరీక్షలో ఏం తేలినా అద్దం ఎలాగూ దించాల్సిందే. కింద తుప్పు ఉంది.

ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. పెయింటు లేచిన చోట అది ఇనుమును తినేస్తుంది. పైగా ఆ పూత వెనక నీరు చిక్కుకుని ఎండదు. మీ ఉప్పుగాలికి ఇక చెప్పేదేముంది. పాత సిలికాన్‌ని బ్లేడుతో మొత్తం గీకేయాలి. మరక మిగిలినా దాని మీద ఏ పెయింటూ పట్టదు, గుంటలు గుంటలుగా విడిపోద్ది.

దించేటప్పుడు రబ్బరును కాపాడాలని చూడకండి, అద్దాన్ని కాపాడండి. రబ్బరు బయటి పెదవిని బ్లేడుతో చుట్టూ కోసేసి, లోపలి నుంచి పై అంచును రెండు అరచేతులతో సమంగా తోయాలి, బయట ఇద్దరు పట్టుకోవాలి. ఒక మూలనే నొక్కితే లామినేటెడ్ అద్దం (రెండు అద్దాల మధ్య పొర పెట్టి అతికించింది) ఆ మూల నుంచే చీలుతుంది.

తుప్పు పని. వైరు బ్రష్షు, తర్వాత 80 నంబరు ఎమరీ పేపరు. ఆ తర్వాత రేకును మంచినీళ్లతో బాగా కడగాలి. ఈ మెట్టు వదిలేస్తే తుప్పు గుంటల్లో ఇరుక్కున్న ఉప్పు అక్కడే ఉండిపోయి ప్రైమరు కిందనే మళ్లీ మొదలవుద్ది. సముద్రం పక్క ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఫలితం లేదు. తాగే క్యాను నీళ్లు ఒకటి తెచ్చుకోండి. పూర్తిగా ఆరాక ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు, అది డబ్బా మీద చెప్పినట్టు. తర్వాత రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమరు రెండు కోట్లు, అతుకుల దగ్గర సీమ్ సీలరు, ఆపైన రంగు. ఒట్టి రెడ్ ఆక్సైడు ప్రైమరు ఈ గాలికి నిలవదు. రేకు చిల్లులు పడితే ఆ ముక్క కోసి 18 గేజి రేకు వెల్డు చేయించండి. రబ్బరు కూర్చునే అంచు మీద మాత్రం పుట్టీ వద్దు. అది నీరు పీలుస్తుంది, బండి ఊపుకి పగులుద్ది, రబ్బరు పట్టు అక్కడే వదిలేస్తుంది.

కొత్త రంగు మీద వెంటనే రబ్బరు ఎక్కిస్తే అంటుకుపోయి రంగుతో సహా లేస్తుంది. కనీసం 2 రోజులు ఆరనివ్వండి, ముసురు పట్టి ఉంటే ఇంకా ఎక్కువ.

రాజోలు జీపు:
చాలా ఉపయోగంగా ఉందండి. నీళ్లు పోసి చూశాం. డ్రైవరు వైపు పై మూలలో రబ్బరు కింద నుంచి ఒకటి, టాపు పట్టీ స్క్రూల నుంచి ఇంకొకటి. టేపు వేస్తే ఆ రెండోది ఆగింది. కాగితం మధ్యలో గట్టిగానే ఉంది, డ్రైవరు వైపు చివర వదులు. బజారులో రబ్బరు మీటర్ల లెక్కన అమ్ముతున్నారు, ఏది తీసుకోవాలి? అద్దం అంచున పాలలా తెల్లటి మచ్చ కూడా ఉంది.

కాకినాడ గ్లాసు వర్క్స్:
ఆ తెల్లటి మచ్చ లామినేషన్ పొర విడిపోతున్న గుర్తు. అంచున నీరు నిలిచినా, ఆ ఆమ్లం సిలికాన్ తగిలినా అలా అవుతుంది. రబ్బరు కింద దాగేంత వెడల్పే ఉంటే అద్దం వాడుకోవచ్చు. చూపుకి అడ్డం వస్తుంటే మార్చండి. ఈ బండిది చదును అద్దమే కాబట్టి పాతదాని కొలతకి కోయించుకోవచ్చు, కానీ లామినేటెడే అడగండి. ముందు అద్దానికి నిబంధన కూడా అదే. మూలల గుండ్రం పాతదానితో సరిపోవాలి, కోసిన అంచును రుద్దించాలి.

ఇక్కడే ఒక పెద్ద చిక్కుంది. దుకాణంలో 3 మి.మీ. అద్దాలు రెండు కలిపిన లామినేటెడ్ మధ్య పొరతో కలిపి 6 మి.మీ. పైనే ఉంటుంది. పాతది అంతకంటే పలచనైతే పాత కొలత రబ్బరులో ఇది పట్టదు, బలవంతంగా ఎక్కిస్తే పెదవి తెరుచుకుని నిలబడిపోతుంది. అందుకే రబ్బరు కొనే ముందు కాలిపర్‌తో రెండు కొలతలు రాసుకోండి: అద్దం మందం, ఫ్రేము రేకు అంచు మందం. రబ్బరుకి అద్దం పట్టే గాడి ఒకటి, రేకు అంచు పట్టే గాడి ఒకటి ఉంటాయి, రెండూ ఆ కొలతలకి సరిపోయే రబ్బరే కొనండి. ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు అడగండి, ఎండకి తట్టుకుంటుంది. వాసన ఘాటుగా ఉండి, మడిచి వదిలితే తిరిగి చాపుకోని రబ్బరు వద్దు.

కోసేటప్పుడు చుట్టుకొలత కంటే 1 నుంచి 1.5 సెం.మీ. ఎక్కువ ఉంచండి. లాగి సాగదీసి చుడితే ఆరోజు బాగానే ఉంటుంది, తర్వాత అది ముడుచుకుని మూలల్లో ఖాళీ ఇస్తుంది. అతుకు పై అంచు మధ్యలో వచ్చేలా చూడండి, నీరు నిలిచేది కింది అంచున కదా.

బిగించడం తాడుతో. రబ్బరును ముందు అద్దానికి చుట్టి, ఫ్రేము పట్టే గాడిలో 4 మి.మీ. నైలాన్ తాడు చుట్టూ పెట్టండి. రెండు కొసలూ కింద మధ్యలో ఓ జానెడు ఒకదాని మీద ఒకటి రావాలి. షాంపూ కలిపిన నీళ్లు రేకు అంచుకీ రబ్బరుకీ రాయండి. కోనసీమలో కొబ్బరి నూనె చేతికి అందుతుంది కానీ వద్దు. నూనె ఆరదు, రబ్బరు తర్వాత కూడా జారుతూనే ఉంటుంది. గ్రీజు, డీజిలు అయితే ఈపీడీఎంని ఉబ్బిస్తాయి. బయట ఒకరు అద్దాన్ని అరచేత్తో నొక్కుతుంటే లోపల ఒకరు తాడును అద్దం మధ్యకి, అంచుకి అడ్డంగా లాగాలి. కింది అంచు ముందు, తర్వాత పక్కలు, పైది ఆఖర. మూల దగ్గర పెదవి రేకు ఎక్కకపోతే తాడుతో గుంజకుండా చెక్క గరిటెతో ఎక్కించండి.

అమలాపురం ఫోర్‌బైఫోర్:
సీలెంటు విషయం. కొందరు రబ్బరు ఎక్కించే ముందే పూస్తారు, నా మాట అయితే ముందు ఒట్టిగా బిగించి మళ్లీ నీళ్లు పోసి చూడండి. కొలత సరైన రబ్బరు అయితే చాలాసార్లు అదే ఆపుతుంది. కారితే గట్టిపడని బ్యుటైల్ సీలెంటు, సన్నటి మూతితో, బయటి పెదవి ఎత్తి లోపలికి. అంటించే పాలీయురేథేన్ ఈ రకం అద్దానికి వద్దు, మళ్లీ దించాలంటే రంగు, రబ్బరు, అద్దం మూడూ పోతాయి.

టాపు పట్టీ స్క్రూలు తీసి, ప్రతి రంధ్రంలో అదే బ్యుటైల్ పెట్టి, రబ్బరు వాషరుతో బిగించండి. ఇప్పటికే లోపలికి దిగిన నీటికి దారి కావాలి. ఫ్రేము కింది వైపు, పొడుగు రబ్బరుకి బయట పడేలా రెండు చివరలా 5 మి.మీ. రంధ్రం వేయించి అంచుకి ప్రైమరు పూయండి. ఆ రంధ్రం నుంచే లోపలికి క్యావిటీ మైనం (బోలు భాగాలకి తుప్పు పట్టకుండా కొట్టేది) కొట్టించండి.

డ్రైవరు వైపు చివర కాగితం వదులంటే కొత్త పొడుగు రబ్బరు కొనేలోపు ఫ్రేము కొలవండి. మూల నుంచి మూలకి రెండు అడ్డ కొలతలూ సమానంగా ఉండాలి, 3 మి.మీ. మించి తేడా ఉంటే ఫ్రేము వంకర. ఈ కొలత అద్దం ఎక్కించకముందే తీయాలి, వంకర ఫ్రేములో చదును అద్దం ఎన్నాళ్లో ఉండదు. కొలత సరిగా ఉంటే మడత బందు పిన్నులు అరిగాయేమో చూడండి. పిన్ను మార్చి, బందు బోల్టులు వదులు చేసి, ఫ్రేము నిలబెట్టి రెండు క్లాంపులూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించి, బందు బోల్టులు ఆఖర బిగించండి. కొత్త రబ్బరు అణుగుతుంది కాబట్టి వారం తర్వాత మళ్లీ కాగితం పెట్టి క్లాంపులు సర్దుకోండి.

భీమవరం టింకరింగ్:
ఒక్క మాట. పెయింటు పని అక్టోబరు, నవంబరు ముసుర్లకి వదలకండి. తడి గాలిలో రేకు మీద కంటికి కనిపించని చెమ్మ ఉంటుంది, ఎపాక్సీ దాని మీద పట్టదు. ఇప్పుడే చేయాల్సి వస్తే తెరిపిచ్చిన రోజు చూసుకుని, పొద్దున 10 దాటి రేకు చేతికి వెచ్చగా తగిలాక మొదలుపెట్టి సాయంత్రం 4 లోపు రెండో కోటు ముగించండి. అప్పటిదాకా ఫ్యూజు డబ్బా మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, కింది వైపు తెరిచి ఉంచండి. చుట్టూ మూసి కడితే లోపల చెమ్మ పట్టి ఫ్యూజు క్లిప్పులు పచ్చబడతాయి.