కామిక్ బొమ్మలు చూసి దించడం: పిల్లల ఊహకు ఎరువా, ఎసరా?

గోదారిగట్టు
మా వాడికి తొమ్మిదేళ్లు. నోటుబుక్కుల వెనక పేజీలన్నీ జపాన్ కార్టూన్లలోని గోకూ, డోరేమానే. టీవీ పాజ్ చేసి ఎదురుగా కూర్చుని మరీ దించుతాడు. వాడు వెళ్లే డ్రాయింగ్ క్లాసు మాస్టారు మొన్న నన్ను పక్కకి పిలిచి, "ఆ కార్టూన్లు చూసి గీయడం మానిపించండమ్మా, సొంత ఊహ చచ్చిపోతుంది" అన్నారు. మా తమ్ముడేమో "గీయనీ అక్కా, చెయ్యి తిరగాలంటే అదే దారి" అంటాడు. మానిపించాలా, వద్దా? ఏది చెప్పినా కారణంతో చెప్పండి.

సుద్దముక్క
మాస్టారు చెప్పింది నిజమేనండీ. నేనూ డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, టీటీసీ (టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్) చేసి స్కూల్లో డ్రాయింగ్ చెప్పుకుంటున్నవాణ్ణే. దించడానికి అలవాటు పడ్డ పిల్లాడికి తెల్లకాగితం ఇచ్చి "మీ వీధి గీయరా" అనండి. "బొమ్మ చూపించండి సార్" అంటాడు. వాడుండే వీధికి నేను బొమ్మ చూపించాలట!

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ 1897లో పిల్లల కోసం ఆర్ట్ క్లాసు పెట్టి, నమూనాలు చూసి దించే పద్ధతిని పక్కన పెట్టాడు. ఆ తర్వాత పిల్లల బొమ్మల మీద పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వేసిన పుస్తకంలో రంగులు నింపే పుస్తకాలను కూడా తప్పుపట్టాడు. పెద్దవాళ్లు నున్నగా గీసిన పక్షిని చూశాక, తను గీసే పక్షి పిల్లాడికి నచ్చడం మానేస్తుందని ఆయన వాదన. మీ వాడికి ఈరోజు గోకూ వచ్చు సరే. గోకూ కానిది ఏదైనా వచ్చా?

వెనకబెంచి
సార్, కామిక్స్ సంగతి తర్వాత. "సీనరీ గీయండి" అనగానే మన పిల్లలందరూ రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కొండల్లోంచి ఏరు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు, పైన నాలుగు గీతల పక్షులు వేస్తారు. కృష్ణా జిల్లాలో పుట్టి కొండ మొహం చూడనివాడూ అదే వేస్తాడు. అది ఏ జపాన్ టీవీలోంచి వచ్చింది? మన క్లాసుల్లోంచే కదా. ప్రైజులు కూడా దానికే ఇచ్చాం.

సుద్దముక్క
ఆ సీనరీని నేనూ సమర్థించను. అదీ దించుడే, ఇదీ దించుడే. నా మాటకే బలం ఇచ్చారు.

పటంకథ
మాది చేర్యాల దిక్కు. దించుడు అంత పాపమైతే నకాషీ పటాలు, అదే, కథ చెప్పేటోళ్ల కోసం గుడ్డ మీద గీసే బొమ్మలు, ఎట్ల నిలిచినయి సార్? ఆ ఇండ్లల్ల పోరగాళ్లు తల్లిదండ్రుల పక్కన కూసొని ఆళ్ల చెయ్యి చూసే నేర్చుకుంటరు. బొమ్మల ఎనక ఎర్ర రంగు, పక్కకు తిరిగిన మొఖాలు, పెద్ద కండ్లు, అన్నీ ముందునుంచి వస్తున్నవే. కానీ పటం మీద ఉండేది కథ. పద్మశాలీలకు పటం పట్టి కథ చెప్పే కూనపులోళ్లు మార్కండేయ పురాణం చెప్పాలె, గౌండ్లోళ్లకు గౌడ పురాణం కావాలె. వరుసగ గడులు కట్టి, ముప్ఫై అడుగులు దాటిన గుడ్డ మీద కథ నడిపిస్తరు. ఇప్పుడు మనం కామిక్ అంటున్నది గదే కదా. రూపం ముందోళ్లది. ఏ గడిలో ఏం వెయ్యాలె, కథ యాడ ఆపి యాడ దుంకించాలె అనే ఆలోచన మాత్రం గీసేటోనిదే.

సుద్దముక్క
అది కులవృత్తి తమ్ముడూ. అక్కడ ఒకే తీరులో రావడమే పనితనం, కొనేవాళ్లు అడిగేదీ అదే. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఆ అవసరం ఏముంది? రెంటినీ కలపకు.

కీఫ్రేమ్
హైదరాబాద్‌లో యానిమేషన్‌లో పనిచేస్తాను. 2008లో ఛోటా భీమ్ మన ఊళ్లోంచే బయటికొచ్చినప్పటి నుంచి "మా పిల్లాణ్ణి ఈ లైన్లో పెట్టచ్చా" అని అడిగే తల్లిదండ్రులకు కొదవ లేదు. వాళ్లకు చెప్పేదే ఇక్కడా చెబుతాను.

దించడంలో రెండు రకాలున్నాయి. ఒకటి, అంచు పట్టుకుని పోవడం: జుట్టు కొస దగ్గర మొదలుపెట్టి చెవి, బుగ్గ, గడ్డం అంటూ గీత వెంట గీత. చివరికి కాళ్లకు కాగితంలో చోటుండదు. ఇలా వంద గోకూలు గీసినా నూటొకటోది బొమ్మ చూడకుండా రాదు. రెండోది, బొమ్మను విప్పి చూడటం. తలకు గుండ్రం, దాని మీద నిలువొకటి అడ్డమొకటి రెండు గీతలు. ముఖం ఎటు తిరిగిందో ఆ గీతలే చెబుతాయి. ఒళ్లంతటికీ కలిపి మెడ నుంచి పాదం దాకా ఒకే ఒంపు. ఆ తర్వాత "తలకు ఎన్ని రెట్లు ఒళ్లు?" అని కొలవాలి. మామూలు పెద్దమనిషి ఏడున్నర తలల ఎత్తు ఉంటాడు. కామిక్ వీరుణ్ణి ఎనిమిదికి పైనే సాగదీస్తారు. ముద్దుగా కనిపించాల్సిన పొట్టి బొమ్మలను రెండు మూడు తలల్లోనే ముగిస్తారు. ఈ లెక్క పట్టుబడితే అదే పిల్లాడు తాతయ్యను వీరుడిగా సాగదీయగలడు, పక్కింటి పోలీసాయన్ని పొట్టివాడిగా కుదించగలడు.

మా ఆఫీసులో అయితే అందరం దించేవాళ్లమే. ఒక్కో పాత్రకూ మోడల్ షీట్ ఉంటుంది: ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, నవ్వుతూ, ఏడుస్తూ. ఎవరి చేతిలో పడినా భీమ్ భీమ్‌లాగే ఉండాలి. కానీ ఆ షీటులో లేని భంగిమ గీయమన్నప్పుడే ఎవరికి పని వచ్చో తేలుతుంది.

గోదారిగట్టు
అయితే ఇంట్లో నేను ఏం చేయించాలండీ? నాకు గుండ్రం కూడా గుండ్రంగా రాదు.

కీఫ్రేమ్
మీకు రాకపోవడమే నయం, దిద్దబోరు. గోకూని గీయనివ్వండి. అయ్యాక "వీడు రేషన్ షాపు క్యూలో నిలబడితే ఎలా ఉంటాడు?" అనండి. అది ఏ ఎపిసోడ్‌లోనూ దొరకదు. చేతిలో సంచీ పెట్టాలి, విసుగు చూపించాలి. విసుగంటే ఏమిటో తెలుసుకోవడానికి వాడు అద్దం ముందుకు పోయి కనుబొమలు పైకీ కిందకీ ఆడిస్తాడు. కార్టూన్ ముఖంలో సగం భావం కనుబొమల్లోనే ఉంటుంది, మిగతాది నోటి గీతలో. గీశాక లోపలంతా నల్లగా నింపేయమనండి. నీడలాంటి ఆకారం చూసే ఎవరో, ఏం చేస్తున్నారో తెలిస్తే బొమ్మ నిలబడినట్టు. తెలియకపోతే చేతులు ఒంటికి అతుక్కుపోయాయని అర్థం.

డాలస్_అమ్మ
గోకూ మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1984లో జపాన్ కామిక్ చిత్రకారుడు అకిరా తొరియామా మొదలుపెట్టిన ఆ గోకూ కూడా గాల్లోంచి ఊడిపడలేదు. చైనావాళ్ల పాత కథలోని వానర వీరుడు సున్ వుకాంగ్ నుంచి వచ్చాడు. తోక, పొడవు పెరిగే కర్ర, ఎగిరే మబ్బు అన్నీ అక్కడివే. అరువు తెచ్చుకున్నవాడు ఊహలేనివాడైతే ఆయన్ని ఏమనాలి? సంగీతం క్లాసులో సరళీ స్వరాలు పాడించకుండానే రాగం ఆలపించమంటామా?

నా బాధ వేరు. మా అమ్మాయి గీసే పాత్రలన్నిటికీ నీలం కళ్లు, పసుపు జుట్టు, గడ్డం దగ్గర సూదిమొన. కథలో అమ్మమ్మను పెట్టమంటే అమ్మమ్మకూ అదే గడ్డం! ఊహ ఉంది, కథలు తెగ అల్లుతుంది. కానీ ఆ ఊహలో మన మొహాలే లేవు.

వెనకబెంచి
అయితే దించడం ఆపకండి, దించే సరుకు పెంచండి. బాపు బుడుగును వాళ్ల ముందు పెట్టండి. నాలుగు గీతల్లో నిక్కరూ పొగరూ రెండూ వచ్చేస్తాయి. 1947 జులైలో మొదలైన చందమామలో శంకర్ గారు వేసిన విక్రమార్కుడు ఉన్నాడు కదా, భుజాన శవం, చేతిలో కత్తి. ఆ నడక చూసి దించమనండి, బరువు మోసేవాడి ఒళ్లు ఎలా వంగుతుందో తెలుస్తుంది. వపా (వడ్డాది పాపయ్య) రంగుల జోలికి మాత్రం ఇప్పుడే పంపకండి, పిల్లలు బెదిరిపోతారు.

సుద్దముక్క
బాపు బొమ్మ చూసి బాపు బొమ్మ గీసేవాళ్లు ఈ రాష్ట్రాల్లో తక్కువ ఉన్నారా? పెళ్లి శుభలేఖల మీద ఇప్పటికీ అవే జడలు, అవే కళ్లు. పిల్లలకు కూడా ఆ జబ్బు ఎందుకు?

వెనకబెంచి
సుద్దముక్క గారూ, మీరు లోవెన్‌ఫెల్డ్‌ను తెచ్చారు. ఆయన తర్వాత 1977లో బ్రెంట్, మార్జరీ విల్సన్ అనే ఇద్దరు అమెరికాలో దీన్ని తిరగేశారు. బొమ్మలు ఎడాపెడా వేసే పిల్లల్ని "ఇది ఎక్కడిది, ఇది ఎక్కడిది" అని అడిగితే దాదాపు ప్రతి ఆకారానికీ ఏదో ఒక మూలం బయటపడింది: కామిక్స్, టీవీ, పక్కవాడి నోటుబుక్కు. వేరేవాళ్ల బొమ్మలు చూసే పిల్లలు బొమ్మలు నేర్చుకుంటారని వాళ్ల వాదన.

సుద్దముక్క
నేర్చుకుంటారు, కాదనను. నా పట్టు వయసు దగ్గర. నాలుగైదేళ్ల పిల్ల తలకే నేరుగా కాళ్లు తగిలించి "నాన్న" అంటుంది. ఆ వయసులో డోరేమాన్ ముందు పెట్టి "ఇలా గీయి" అన్నారంటే ఆ నాన్న పోతాడు, మళ్లీ రాడు. ఈ విషయంలో నన్ను ఎవరూ కదిలించలేరు.

కీఫ్రేమ్
దానికి నేనూ ఒప్పుకుంటా. కానీ వీళ్లబ్బాయికి తొమ్మిది. మీ లోవెన్‌ఫెల్డే తొమ్మిది దాటాక పిల్లల కన్ను మారుతుందన్నాడు. తమ బొమ్మ నిజంలా లేదని వాళ్లకే తెలిసిపోతుంది. చెయ్యి మాత్రం ఇంకా అక్కడికి చేరదు. చాలామంది పెన్సిల్ వదిలేసేది అప్పుడే. కామిక్ బొమ్మ పనికొచ్చేదీ ఆ వయసులోనే. గుర్రం నిజంలా రాకపోయినా గుర్రంలా ఉంటే చాలు, కథ నడుస్తుంది. చేతికి నాలుగు వేళ్లే వేసినా ఎవరూ అడగరు. ఆ రెండు మూడేళ్లు దాటించడానికి ఇంతకన్నా మంచి ఆధారం నాకు కనిపించలేదు. అది కూడా లాగేస్తే మీ క్లాసుకు వచ్చేవాళ్లెవరు సార్?

ఫౌండేషన్‌నాన్న
అందరూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నారు. ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ మొదలైతే ఈ పెన్సిళ్లన్నీ అటకెక్కుతాయి. అప్పటిదాకా ఏదో ఒకటి గీసుకోనివ్వండి.

పటంకథ
అన్నా, నువ్వు చెప్పిందే అసలు భయం. ఊహ చచ్చిపోయేది గోకూ చేతిల కాదు.

డాలస్_అమ్మ
మా అమ్మాయికి పనిచేసింది ఒకటి చెబుతాను. బొమ్మ గీసే ముందు ఆ పాత్రకు వివరాలు రాయమన్నాను. డోరేమాన్ ఎత్తు 129.3 సెంటీమీటర్లు, బరువు 129.3 కిలోలు. ఎలుకను చూసి భయంతో ఎగిరితే అదీ 129.3 సెంటీమీటర్లే. ఎవరికీ అక్కర్లేని ఇలాంటి లెక్కలంటే పిల్లలకు పిచ్చి. మా అమ్మాయి రాసిన మొదటి పాత్రకు దేనికి భయమో, జేబులో ఏముందో, అమ్మ తిడితే ఎక్కడ దాక్కుంటుందో అన్నీ ఉన్నాయి. అవన్నీ రాశాక ఆ సూదిమొన గడ్డం దానికే నప్పలేదు. మార్చేసింది.

సుద్దముక్క
ఇది బాగుందమ్మా. రేపు ఏడో తరగతికి ఇదే ఇస్తాను. కానీ బొమ్మ ముందు పెట్టి దించడాన్ని నా క్లాసులో మాత్రం రానివ్వను.

గోదారిగట్టు
ఒక చిన్న సందేహం. వాడు గీసేదానికన్నా చెరిపేది ఎక్కువ, కాగితం చిరిగిపోయేదాకా. రబ్బరు దాచేయనా?

పటంకథ
దాచెయ్యి అక్కా. బాల్‌పెన్ను ఇయ్యి.

కీఫ్రేమ్
వద్దు. బాల్‌పెన్ను ఇస్తే భయపడే పిల్లాడు అసలే గీయడు. హెచ్‌బీ పెన్సిల్ బదులు ఇంకా మెత్తటి 2బీ ఇచ్చి, ముందు గుండ్రాలూ ఒంపులూ తేలిగ్గా వేయమనండి. పైన ముదురు గీత పడ్డాక కింది గీతలు ఉన్నా పర్వాలేదని చూపించండి. మా దగ్గర పెద్దపెద్దవాళ్ల రఫ్ స్కెచ్‌లు చూస్తే జుట్టు చిక్కుపడినట్టు ఉంటాయి.

వెనకబెంచి
ఒక్కో బొమ్మ మీద అంత కుస్తీ పట్టకుండా ఉండాలంటే పేజీలు ఎక్కువ ఇవ్వండి. ఏ4 కాగితాన్ని ఎనిమిది గడులు వచ్చేలా మడిచి, మధ్య మడత మీద ఒక్క కోత పెట్టి మడిస్తే అట్టలతో కలిపి ఎనిమిది పేజీల పుస్తకం అవుతుంది. పిన్నులు కూడా అక్కర్లేదు. ఎనిమిది పేజీలు నింపాలంటే గోకూ ఒక్కడూ సరిపోడు, పక్కన ఇంకెవరో కావాలి.

గోదారిగట్టు
మొన్న అలాంటిదే ఒకటి చేశాడు. మాటలు రాయబోతే బుడగలో పట్టలేదు, కోపంతో చింపేశాడు.

కీఫ్రేమ్
ముందు మాట రాయించండి, తర్వాత దాని చుట్టూ బుడగ గీయించండి. ఇంగ్లీషు కామిక్ చూసి ముందే బుడగ గీస్తే మన గుడులూ ఒత్తులూ అందులో పట్టవు. రెండు వరుసల మధ్య ఇంకో వరుసకు సరిపడా ఖాళీ వదలాలి, లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస తలకట్టును తన్నుతుంది.