పొందూరు ఖాదీ పోస్టు: టైటిల్ తెలుగు లిపిలోనా, ఇంగ్లీషు అక్షరాల్లోనా?

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ మీద తెలుగు బ్లాగులో పోస్టు పెట్టాలి. "పొందూరు ఖాదీ చీరల ధర" అని తెలుగు లిపిలో వెతికేవాళ్లు ఎక్కువా, అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లు ఎక్కువా అన్నది తేలడం లేదు.

గూగుల్ ప్రకటనల టూల్ కీవర్డ్ ప్లానర్‌లో (ఒక మాటను నెలకు ఎన్నిసార్లు వెతుకుతారో చూపేది) లొకేషన్ ఆంధ్రప్రదేశ్, భాష తెలుగు పెట్టాను. రెండిటికీ నెలకు 10–100 అనే వస్తోంది. ప్రకటనలకు ఖర్చు పెట్టని ఖాతాకు అంతకన్నా విడమర్చి చెప్పదు. అందులోని ‘పోటీ’ కాలమ్ ప్రకటనదారుల మధ్య పోటీ, మనకు పనికిరాదు. గూగుల్ ట్రెండ్స్‌లో 5 ఏళ్లకు చూసినా డేటా చాలదంటోంది.

ఇన్‌కాగ్నిటోలో ఆల్‌ఇన్‌టైటిల్ (టైటిల్‌లో ఆ మాటలున్న పేజీలనే చూపే గూగుల్ సెర్చ్ ఆపరేటర్) వాడితే ‘చీర’, ‘చీరలు’, ‘చీరల’ ఒక్కోదానికి ఒక్కో లెక్క. ప్రత్యయం మారితే ఆపరేటర్‌కు అది వేరే మాటే మరి, పైగా ఆ సంఖ్య ఉత్త అంచనా. సెర్చ్ బాక్స్ సజెషన్లలో రెండు లిపులూ కనిపిస్తున్నాయి. సెర్చ్ కన్సోల్‌లో (మన సైటు ఏ వెతుకులాటల్లో కనిపించిందో చూపే గూగుల్ టూల్) రెజెక్స్‌తో, అంటే అక్షరాల నమూనాతో, తెలుగు లిపి క్వెరీలను వడగట్టాను; అరుదైన క్వెరీలను అది దాచేస్తుంది కాబట్టి మిగిలినవి వేళ్ల మీద లెక్కే.

రెండు లిపులూ కలిపితే టైటిల్ మొబైల్‌లో తెగిపోతోంది. ఇంత తక్కువ వెతుకులాట ఉన్న మాటకు ఏ లిపిలో డిమాండ్ ఎక్కువో ప్రకటనల ఖర్చు లేకుండా ఎలా తేలుస్తున్నారు?