ఉబుంటు ఇన్‌స్టాలర్‌కి నా ఎస్ఎస్‌డీ కనిపించడం లేదు

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
అన్నలూ, విండోస్ పక్కనే ఉబుంటు 24.04 (లినక్స్) వేద్దామని రెండు రోజులుగా కూర్చున్నాను. పెన్‌డ్రైవ్ బూట్ అవుతోంది, వైఫై కూడా వస్తోంది, కానీ డిస్క్ ఎంచుకునే చోట 512 జీబీ ఎస్ఎస్‌డీ లేదు, 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉంది. విండోస్ మాత్రం బాగానే నడుస్తోంది. షాపులో ఫార్మాట్ కొట్టేద్దాం అన్నారు. అందులో అమ్మ ఫోటోలున్నాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు (రాయగడ):
ఫార్మాట్ వద్దు తమ్ముడూ, డిస్క్‌కి ఏమీ కాలేదు. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఉబుంటులో టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి సుడో డీమెస్గ్ (sudo dmesg, సిస్టమ్ రాసుకున్న సందేశాలు చూపే కమాండ్) కొట్టి, ఏహెచ్‌సీఐ (ahci) అన్న లైన్లు చూడు. ‘రీమ్యాప్డ్ ఎన్‌వీఎంఈ’ (remapped NVMe; ఎన్‌వీఎంఈ అంటే ఒక రకం ఎస్ఎస్‌డీ) అని కనిపిస్తే బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే కంప్యూటర్ సెట్టింగుల్లో) స్టోరేజ్ రైడ్ (RAID) మోడ్‌లో ఉన్నట్టే, ఆ మోడ్‌లో డిస్క్ ఉబుంటుకి కనిపించదు, దాన్ని ఏహెచ్‌సీఐ మోడ్‌కి మార్చాలి.

జవాబు (జయపురం):
ఆగు, నేరుగా మారిస్తే విండోస్ తెరుచుకోకుండా ఎర్రర్‌తో నీలం తెర చూపిస్తుంది, నాకు అదే అయింది. ముందు ఫోటోలు వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకో. తర్వాత విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అనే సెట్టింగుల విండోలో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి, బయోస్‌లో మోడ్ మార్చు. విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకున్నాక ఆ టిక్ తీసెయ్యి. అక్కడ పిన్ పని చేయకపోవచ్చు, పాస్‌వర్డ్ గుర్తుండాలి.

పర్లాకిమిడి:
ఆ రీమ్యాప్డ్ లైనే ఉందన్నా! మార్చాక ఇన్‌స్టాలర్‌లో నా ఎస్ఎస్‌డీ ఎన్‌వీఎంఈ0ఎన్1 (nvme0n1) అన్న పేరుతో కనిపించింది, విండోస్ కూడా తెరుచుకుంది. ఇది బగ్ అని రిపోర్ట్ చెయ్యాలా?

రాయగడ:
అక్కర్లేదు, ఇది సెట్టింగే. నిజంగా బగ్ దొరికిన రోజున మాత్రం ఫోన్‌తో తీసిన ఫోటో కాకుండా డీమెస్గ్ మొత్తం ఫైలుగా, బయోస్ వెర్షన్‌తో సహా పెట్టు.